ఓడిన రోజున ఒక మంచి

గ్రౌండు మెట్లలో మూడో మెట్టు మీద కాసులమ్మ కూర్చుని ఉంది, పోయి ఎనిమిది నెలలైన మనిషి, అదే ముదురాకుపచ్చ చీరలో, ఒళ్ళో ఉల్లిపాయలు పోసుకుని తరుగుతోంది, కత్తిపీట లేకుండా ఉత్త వేళ్ళతోనే తరుగుతున్నా ముక్కలు సన్నగా పడుతున్నాయి, నూకరత్నానికి అదేమీ వింతగా తోచడం లేదు, ఆమె గుండెలో ఉన్న గుబులల్లా ఒక్కటే, ఈవిడ నన్ను చూసిందంటే ఏం అడుగుతుందో నాకు తెలుసు, దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే మెట్ల వెనకనుంచి మెల్లగా జారుకుందామని చూస్తుంది, కానీ కలలో కాళ్ళు ఎవరి మాట వింటాయి గనక, ఎటు నడిచినా మళ్ళీ ఆ మూడో మెట్టు దగ్గరికే వచ్చి నిలబడుతోంది.

"వచ్చావా," అంటుంది కాసులమ్మ తలెత్తకుండానే. "ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నావే? ఆట మొదలైపోయి ఎంతసేపైందో."

"ఆటెక్కడుంది వదినా?"

"కళ్ళెదురుగా పెట్టుకుని ఎక్కడుందంటావేంటే."

నిజమే, అడిగేసరికి ఉంది, రేవుపేట గ్రౌండు ఒక పక్క గ్రౌండులాగే ఉంది, రెండో పక్క సముద్రమైపోయింది, నేరేడుపండు రంగు చొక్కాల కుర్రాళ్ళు చీలమండల లోతు నీళ్ళలో కర్రలు పట్టుకుని పరిగెడుతున్నారు, బంతి ఎక్కడా కనిపించదు, అయినా అందరికీ అదెక్కడుందో తెలుసు, ఆ చివర గోలు ఉండాల్సిన చోట ఆసుపత్రి వార్డు తలుపు ఉంది, దానిమీద చెప్పులు బయట విడవవలెను అని రాసి ఉంది.

కాసులమ్మ రత్నానికి స్వయానా ఆడబడుచు, మొగుడు గవర్రాజుకి అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు, కాపరానికి వచ్చిన కొత్తలో ఈవిడ పెట్టిన ఆరళ్ళకి రత్నం రెండుసార్లు పుట్టింటికి పోయి వచ్చింది. ఆ ఇద్దర్నీ కలిపింది దేవుడు కాదు, హాకీ. గ్రౌండు గేటు పక్కన పెసరట్ల బండి పెట్టుకున్నారు, బేరం కోసం ఆట వైపు చూడ్డం మొదలెట్టారు, ఆర్నెల్లు తిరిగేసరికి ఆట కోసం బేరం మానేశారు. విజిల్ వేస్తే చాలు, పొయ్యి మీద పెనం దించేసి మెట్లెక్కేవారు, పాపం ఎవరైనా ఆకలేసి అట్టు వెయ్యమని వస్తే, "ఆట చూడ్రా ముందు, కడుపు ఎక్కడికీ పోదు," అని కసిరి పక్కన కూర్చోబెట్టేవారు. ఆ రోజుల్లో రేవుపేట జట్టంటే జిల్లాలో మాటలు కాదు. తర్వాత పెద్దాటగాళ్ళందరికీ ఉద్యోగాలొచ్చి తలో ఊరూ పోయారు, డేవిడ్‌రాజు మేష్టారని కొత్త కోచ్ వచ్చాడు, పేటలో కుర్రాళ్ళనే పట్టుకుని మొదట్నుంచీ తయారుచేస్తాను, నాకు ఆరేళ్ళు ఇవ్వండి, అప్పటిదాకా ఓడతాం, మమ్మల్ని వదలకండి అన్నాడు. మెట్ల మీద రెండొందల మంది ఉన్నారు ఆ రోజు, లేచి నిలబడి సరే మేష్టారూ అన్నది మాత్రం కాసులమ్మ.

ఇచ్చిన మాట మీద ఎంతమంది నిలుస్తారు? రెండొందలు ఏభై అయ్యారు, ఏభై పది అయ్యారు, ఆఖరికి మూడో మెట్టు మీద వదినామరదళ్ళు ఇద్దరే మిగిలారు. ఓటమి మీద ఓటమి దిగమింగడానికి కాసులమ్మ ఒక ఆనవాయితీ పెట్టింది, ఓడిన రోజున ఇంటి గడప దాటే ముందు ఆ ఆటలో ఒక మంచి చెప్పి తీరాలి, చెప్పలేకపోతే ఆ పూట అన్నం లేదు. మొదట్లో మంచి వెతకడానికి వీధి చివరిదాకా మూడుసార్లు నడిచేవారు. "ఎనిమిది పడతాయనుకున్నాం, అయిదే పడ్డాయి కదే," అనేది ఒకసారి. "ఆ రెండో గోలు కొట్టినోడు మన పేట అల్లుడే వదినా, బయటివాడేం కాదు," అనేది రత్నం, అది మంచి కిందికి రాదని కాసులమ్మ ఒప్పుకునేది కాదు, మళ్ళీ నడక. రానురాను కళ్ళకి అలవాటైపోయింది, ఇవాళ మన కుర్రాడు నాగూరు బంతి అందుకుని తలెత్తి చూశాడే, కిందటివారం తల దించుకునే కొట్టాడు, అలాంటివి పట్టేసేవారు. అయిదేళ్ళూ అలాగే అన్నం తిన్నారు.

"పెనం దించావా?" అని అడుగుతోంది కాసులమ్మ.

"బండి తియ్యట్లేదు వదినా ఇప్పుడు."

"ఎందుకని?"

రత్నం ఆ గేటు వైపే వెళ్ళడం లేదు, ఎనిమిది నెలలుగా జట్టు ముఖం చూళ్ళేదు, బజారుకి చుట్టూ తిరిగి పోతోంది, ఇదంతా చెప్పాలి, కానీ నోట్లోంచి వస్తున్నది వేరే మాట, "ఉల్లిపాయలు ప్రియమైపోయాయి," అంటోంది, కాసులమ్మ తలెత్తి చూస్తుంది, ఆ చూపు ముందు ఏనాడూ అబద్ధం నిలవలేదు, ఒక్కరోజు తప్ప.

అలా కూర్చుని ఉండగానే మెట్టు మంచమైంది. ఇనప మంచం, తెల్ల దుప్పటి, కాసులమ్మ ఆనుకుని కూర్చుని ఉంది, ముఖం పిడికెడైపోయింది, ఆటగాళ్ళు మంచం చుట్టూ పరిగెడుతూనే ఉన్నారు, నీళ్ళు చిందుతున్నాయి, ఎవరూ వాళ్ళని తప్పుకోమనడం లేదు.

"ఆ రోజు ఏమైందే?" అంటుంది కాసులమ్మ.

అదిగో, ఆ ప్రశ్న. ఎనిమిది నెలలుగా ఏ ప్రశ్నకి భయపడి రత్నం గ్రౌండు మొహం చూళ్ళేదో అదే. ఆ ఆదివారం కాసులమ్మే మంచంమీదనుంచి కసిరి పంపింది, ఇద్దరం లేకపోతే కుర్రాళ్ళు ఏమనుకుంటారు, వెళ్ళి చూసిరా అని. వెళ్ళింది. అయిదో గోలు పడ్డాక ఆసుపత్రినుంచి గవర్రాజు ఫోను చేశాడు, అక్కకి ఆయాసం ఎక్కువైంది రమ్మని. ఆట మధ్యలో లేచి రావడం ఆమె జన్మలో అదే మొదలు. ఆరు సున్నాతో ఆట ముగిసిందని ఆసుపత్రి గేటు దగ్గరే చెవిన పడింది. వార్డులోకి వెళ్ళేసరికి కాసులమ్మ కళ్ళు తెరిచి, "ఏమైంది?" అని అడిగింది, రత్నం ఆ ముఖం చూసి తట్టుకోలేక, "గెలిచాం వదినా, రెండొకటి, నాగూరే కొట్టాడు రెండూ," అంది. ఒక మంచి చెప్పమంది కాసులమ్మ అలవాటు కొద్దీ. గెలిచిన రోజున మంచేంటి వదినా, గెలవడమే మంచి అంది రత్నం. కాసులమ్మ ఇంకేమీ అడగలేదు. తెల్లారేసరికి పోయింది.

"గెలిచాం అని చెప్పాను కదా," అంటుంది రత్నం, కలలోనూ అదే మొండితనం.

"చెప్పావు. నేను నమ్మాననుకున్నావా? నాగూరు డిఫెన్సులో ఆడతాడే పిచ్చిదానా, వాడు రెండు గోల్సెప్పుడు కొట్టాడు? గీత దాటితే మేష్టారు చెవి మెలేస్తాడు."

రత్నానికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వస్తున్నాయి. అయిదేళ్ళు ఆట చూసి, అబద్ధమాడాల్సిన రోజున డిఫెన్సువాడి చేత రెండు గోల్సు కొట్టించింది, ఇంతకన్నా తెలివితక్కువ ఎక్కడైనా ఉంటుందా.

"తెలిసి ఊరుకున్నావా వదినా?"

"ఏం చెయ్యమంటావే? ఊపిరే ఆడట్లేదు, నీతో దెబ్బలాటెక్కడ పెట్టుకోను."

"నువ్వు సంతోషంగా పోవాలని చెప్పాను," అంటుంది రత్నం, గొంతు పెద్దదవుతోంది, "ఆరు పడ్డాయని ఎలా చెప్పను? ఆ మంచంమీద ఉన్నదానికి? అయిదేళ్ళు ఓడిందే చూశావు, ఆఖరి పూటైనా ఒక్కటి గెలిచినట్టు ఉండొద్దా నీకు?"

కాసులమ్మ చెయ్యి చాపి రత్నం చెయ్యి పట్టుకుంటుంది, ఉల్లిపాయ వాసన, వెచ్చగా ఉంది, అంత వెచ్చగా బతికున్నప్పుడు కూడా లేదు. "అబద్ధమాడావని కాదే నా బాధ," అంటుంది. "గెలిస్తేనే నాతో చెప్పదగ్గ మాటనుకున్నావు చూడు, అదీ. గెలుపు కోసమే అయితే నేను మూడో ఏడే మానేద్దును. ఆరు పడితే పడ్డాయి. ఆ ఆరింటి మధ్యన ఒక మంచి ఉండుంటుంది, అది చెప్పకుండా పంపావు నన్ను. చూడు, ఇక్కడికొచ్చి కూడా గడప దాటలేకపోతున్నాను."

చూస్తే నిజంగానే ఆ వార్డు తలుపు కింద గడప ఉంది, దాని ఇవతలే కాసులమ్మ నిలబడి ఉంది, ఎప్పుడు లేచిందో, కాళ్ళకి చెప్పుల్లేవు, పాదాలు తడిసి ఉన్నాయి, ఎనిమిది నెలలుగా అలా నిలబడే ఉన్నట్టుంది.

"నాకు తెలీదు వదినా," అంటుంది. "అయిదో గోలు దాకానే ఉన్నాను. ఆ తర్వాత ఏమైందో నేను చూళ్ళేదు, ఎవరినీ అడగలేదు. సిగ్గేసింది. వాళ్ళ ముఖాల్లోకి చూస్తే నేను ఆడిన అబద్ధమే కనపడుతుంది."

"అయితే చూద్దాం రా, ఆడుతున్నారుగా."

ఇద్దరూ నీళ్ళ అంచున నిలబడ్డారు. పొగమంచో, పెనం మీద ఆవిరో, తెల్లగా కమ్ముకొస్తోంది, చొక్కాల రంగు ఒకటే తెలుస్తోంది, ఎవరు ఎవరో తెలీదు, ఎవరో బంతితో వస్తున్నారు, ఎవరో అడ్డం పడ్డారు, ఇంకొక్క అడుగు ముందుకేస్తే కనపడుతుంది, ఆ ఆఖరి పది నిమిషాలూ కనపడతాయి, కానీ అడుగు వేసేకొద్దీ తెల్లదనం చిక్కబడుతోంది, "నాగూరూ, వెనకాల మనిషున్నాడు చూడు," అని అరుస్తోంది రత్నం, "ఇస్మాయిలూ, గోలు వదిలి రాకు," అని అరుస్తోంది, బలమంతా పెట్టి అరుస్తోంది, పక్కన కాసులమ్మ చెయ్యి చల్లబడిపోతోంది, "అరవ్వే, ఇంకా అరవ్వే," అంటోంది ఆవిడ దూరంనుంచి.

"ఏమేవ్, లే," అంటున్నాడు గవర్రాజు. "నిద్దట్లో ఏంటా పలవరింత?"

మధ్యాహ్నం రెండున్నర. తిన్న కంచం ఎదురుగానే ఉంది, చాప మీద అలాగే వాలిపోయినట్టుంది, కిటికీలోంచి ఎండ కాళ్ళమీద పడుతోంది. ఆదివారం. రత్నం లేచి కూర్చుని మొగుడి ఫోను తీసుకుని డేవిడ్‌రాజు మేష్టారికి కలిపింది. ఆయన ఎత్తి హలో అనగానే మాట్లాడబోతే గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది, మాట బయటికి రావడమే కష్టమైంది.

"ఎవరండీ?"

"నేనండి మేష్టారూ, నూకరత్నాన్ని."

"అమ్మా మీరా, గొంతేంటలా అయిపోయింది? అరవడానికి నిన్న మేచ్ కూడా లేదు కదా."

"ఒకటి అడగాలండి. మా వదిన పోయే ముందురోజు మేచ్ ఉంది చూడండి, ఆరు సున్నా. అయిదు పడ్డాక నేను వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఏమైనా మంచి జరిగిందాండి? ఏదైనా సరే. చిన్నదైనా పర్లేదు."



"ఆటలోనైతే ఏం లేదమ్మా, అబద్ధమెందుకు," అన్నాడు మేష్టారు. "చెత్తగా ఆడాం. ఆట అయ్యాక ఒకటి జరిగిందండి. మా వాళ్ళు పదకొండు మందీ మీ మెట్టు దగ్గరికి వెళ్ళారు. మీరు లేరని తెలుసు వాళ్ళకి. అయినా మెట్టు ఎదురుగా నిలబడి కర్రలు పైకెత్తి, దణ్ణం పెట్టి వచ్చారు. నేను చెప్పలేదండి, నాగూరు మొదలెట్టాడు."

రత్నం ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"ఆ రోజొక్కటే కాదమ్మా," అన్నాడాయన. "అప్పట్నుంచీ ప్రతి ఆదివారం చేస్తున్నారు. మీరొస్తారని చూస్తున్నారు వాళ్ళు."

రత్నం ఫోను చెవి దగ్గరే పట్టుకుని లేచింది, వీధి తలుపు తీసుకుని గడప దాటి బయటికి వెళ్ళి నిలబడింది, అక్కడెవరో తనకోసం ఆగి ఉన్నట్టు మెల్లగా రెండు మాటలు చెప్పింది, ఆ బొంగురు గొంతుతో ఏం చెప్పిందో లోపలున్న గవర్రాజుకి వినపడలేదు. తర్వాత ఫోనులో అడిగింది.

"ఇవాళ మేచ్ ఎన్నింటికండి మేష్టారూ?"