వెనక జల్లెడున్న జత

హమజిమా పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మ ముగిసిన తరువాతి ఆదివారం, ఆయన స్నేహితులిద్దరూ జ్ఞాపకం తీసుకెళ్లడానికి వచ్చారు. పోయినవారి వస్తువుల్లో ఒకటి దగ్గరివాళ్లు తీసుకెళ్లడం ఆనవాయితీ. ఏదైనా ఫరవాలేదనడం కూడా ఆనవాయితీయే.

“ఏదైనా ఫరవాలేదు ఓకుసాన్,” అన్నాడు మినగావా గుమ్మంలో బూట్లు విప్పుతూ. స్నేహితుల భార్యలను పేరు పెట్టి పిలిచే అలవాటు ఆయనకు లేదు. “పాత జేబురుమాలిచ్చినా కళ్లకద్దుకుంటాం.”

“అంతే మరి. జేబురుమాలు చాలు,” అన్నాడు పళ్ల డాక్టరు ఒకుదైరా, స్వీటు పెట్టె రెండు చేతులా అందిస్తూ.

జేబురుమాలు చాలన్న ఆ ఇద్దరూ హమజిమా ఫోటోకు అగరొత్తి వెలిగించి, చేతులు జోడించి, ఆ పొగ చెదరకముందే సంచులు విప్పారు. ఒక ఆంప్లిఫయరు, చేతివేలంత లావున వైర్లు, వినడానికి తెచ్చుకున్న డిస్కులు చాపమీద పరుచుకున్నాయి.

చిజురు హమజిమా భార్య, బడి టీచరు. బడిపిల్లలతో ముప్ఫై ఏళ్లు వేగిన మనిషి ఆమె. అల్మరాలోంచి రెండు జతల హెడ్‌ఫోన్లు తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. ఒకటి చెక్క డొప్పలది. రెండోది వెనక ఇనుప జల్లెడ ఉన్నది. ఆ రెండూ సాయంత్రానికల్లా ఇల్లు దాటాలన్నది ఆమె పట్టు. వంటింటి పక్కగదిలో భర్త రోజూ సాయంత్రం హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటే, అన్నం వడ్డించానని నాలుగుసార్లు పిలిచేది. ఐదోసారికి వచ్చేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడంలో ఆమెకున్న అనుభవం ఊళ్లో ఇంకెవరికీ లేదు. అవి కళ్లబడినప్పుడల్లా ఆ శంఖమే గుర్తొస్తోంది.

పోలిక మొదలైంది. చెల్లో అనే పెద్ద ఫిడేలు పాటలో మొదటి అరనిమిషం మాత్రమే, మళ్లీ మళ్లీ. తరువాత ఆ పాట ఏమవుతుందో ఇద్దరికీ తెలిసినట్టు లేదు.

“జల్లెడదే గొప్పది సెన్సే,” అన్నాడు మినగావా కళ్లు మూసుకుని, డాక్టరును గౌరవంగా పిలుస్తూ. “తీగ మీద వేలి చెమట కూడా వినబడుతోంది. ఇది మీ చెవులకే తగును.”

“అబ్బే, మీ చెవుల ముందు నావెంత! చెక్కది కాస్త మందకొడి. పాత వస్తువు, దాన్ని నేనేదో భరిస్తాను.”

“మిమ్మల్ని భరించమనడానికి నాకు నోరెలా వస్తుంది? నేనే భరిస్తాను.”

చెక్కది ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఎంత దొరకదో ఇద్దరికీ తెలుసు. అందుకే గంటసేపు ఇద్దరూ పోటీపడి జల్లెడదాన్ని ఆకాశానికెత్తారు. ఒకరు లోతన్నారు, ఇంకొకరు గాలన్నారు. ఉదయపు మంచు అన్నారు. పొగడ్త ఎంత పెరిగితే అది అంతగా అవతలివాడి ఒడిలోకి జరుగుతోంది.

చివరికి మినగావా ఇబ్బందిగా కదిలాడు. “ఓకుసాన్, ఏమీ అనుకోకపోతే... ఆ ఫ్రిజ్ కాసేపు ఆపగలరా? దానివల్ల కరెంటులో మురికి చేరుతోంది.”

“కనిపిస్తోందా?” అంది చిజురు.

“వినిపిస్తోంది.”

ఫ్రిజ్‌లో రాత్రికని తెచ్చిన చేప ఉంది. అయినా ఆమె వంటింట్లోకి వెళ్లి ప్లగ్గు తీసింది. అది ఆగగానే ఇల్లంతా ఒక్కసారి బోసిపోయింది. ముల్లంగి తరగడానికి కూర్చుని, ముప్ఫై ఏళ్ల అలవాటు చొప్పున, కత్తితో చెప్పినట్టు పైకే చెప్పుకుంది. “పక్కింటి వాషింగ్ మెషీను తన పాటలోకి రాకూడదని పెరట్లో సొంతానికి కరెంటు స్తంభం పాతించుకున్న మహానుభావుడు. ఇప్పుడు నా చేప కూడా అడ్డొచ్చింది.”

“ఆ స్తంభం పాతించుకోమన్నది మా ఆవిడేనండీ ఓకుసాన్,” అని పక్కగదిలోంచి మినగావా జవాబొచ్చింది.

కత్తి ఆగింది. చిజురు లేచి గుమ్మంలోకి వచ్చింది. మినగావా తలమీద జల్లెడ జత ఉంది. యంత్రం మీద దీపం వెలుగుతూనే ఉంది.

“పాట ఆగిపోయిందా?”

“లేదే, నడుస్తోంది. ఇది తెరిచిన రకం కదండీ, వెనకంతా జల్లెడే. పక్కగదిలో చీమ తుమ్మినా వస్తుంది.” పొగుడుతున్న సంగతి మరిచిపోయి ఆయన నిజం చెప్పేశాడు. “హమజిమాకి ఎన్నిసార్లు చెప్పానో. వంటింటి పక్కన కూర్చునేవాడివి, చెక్కది పెట్టుకోరా, ప్రశాంతంగా ఉంటుందని. వింటేనా? దాన్ని పెట్టెలోంచి తీసేవాడే కాదు.”

“వినిపిస్తే మరి పలికేవారు కాదేం?”

“నేనూ అదే అడిగాను. ‘పలికితే వినబడుతోందని తెలిసిపోతుంది, ఇంక మాట్లాడటం మానేస్తుంది’ అన్నాడు. హెడ్‌ఫోన్లు ఎంచుకోవడానికి అదీ ఒక కారణమేనా, మీరే చెప్పండి!”

“శాస్త్రానికి నిలవదు,” అన్నాడు ఒకుదైరా.

చిజురు గుమ్మం పట్టుకుని నిలబడింది. ఒక ఏడు తన క్లాసు పిల్లవాడు ఏట్లో మునిగి పోయాడు. ఆ రాత్రి ఎవరితోనూ అనలేని మాటలన్నీ గిన్నెలు తోముతూ అనేసింది. ఆ వారమంతా గిన్నెలు ఆయనే తోమాడు. చేతులకు కసరత్తు కాబోలనుకుంది. చెల్లో వింటూ ఆయన అప్పుడప్పుడు నవ్వుకునేవాడు. అంత ఏడుపు పాటలో నవ్వేముందని విస్తుపోయేది. సరిగ్గా అత్తగారి వంటలోని వంకలను తాను ఏకరువు పెట్టే వేళల్లోనే ఆ నవ్వు వచ్చేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆమె వచ్చి మినగావా తలమీంచి ఆ జతను, నిద్రపోతున్న పిల్లవాడి టోపీ తీసినట్టు, తీసుకుంది.

“ఇది మీకివ్వడం మర్యాద కాదు. చెవి మెత్తలు అరిగిపోయాయి.”

“అరిగితేనేం ఓకుసాన్...”

“పైగా మీవంటి ఇద్దరు తెలిసినవాళ్లు గంటసేపు ఇంతగా మెచ్చుకున్నదాన్ని ఇల్లు దాటించడానికి మనసొప్పడం లేదు. ఆ మందకొడిది మాత్రం ఎవరో ఒకరు భరించాలి.”

స్నేహితులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్యాద మొదటిసారి వాళ్లిద్దరినీ ఒకే తాడుతో కట్టేసింది.

“రెండోవారికి జేబురుమాలు ఉతికి ఇస్త్రీ చేసి ఉంచాను,” అంది చిజురు. “ఏదైనా ఫరవాలేదన్నారుగా.”

చెక్కజత ఎవరికి చేరిందో ఆమె పట్టించుకోలేదు. మెట్ల మీద “మీరే తీసుకోండి”, “అబ్బే, మీరే” అన్న మాటలు మాత్రం చాలాసేపు వినిపించాయి. ఆ మాటల్లో మునుపటి తీపి లేదు.

ఆమె ఫ్రిజ్ ప్లగ్గు పెట్టి, చేపను వాసన చూసి, ఇంకా బాగానే ఉందని పొయ్యెక్కించింది. జల్లెడ జతను ఫోటో పక్కన, జల్లెడ వంటింటివైపు ఉండేలా పెట్టింది. అన్నం వడ్డించాక అలవాటుగా గొంతెత్తబోయి ఆగింది.

“అన్నం చల్లారుతోంది,” అంది మామూలు గొంతుతో. “నీ స్నేహితులకు సిగ్గులేదు.”