లోకల్ గార్డియన్

బరాకా నన్ను లిఫ్టులో పట్టుకున్నాడు. మెట్ల మీదైతే తప్పించుకునేవాణ్ణి. టాంజానియా నుంచి డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరడానికి వచ్చి, తార్నాకలోని మా అపార్టుమెంటులోనే రెండో అంతస్తులో పది రోజులుగా ఉంటున్నాడట. పాస్‌పోర్టు, వీసా, మార్కుల జాబితా, వైద్య పరీక్ష కాగితం, అన్నీ ఇచ్చేశాడు. మిగిలింది ఒక్కటే: ఈ ఊళ్లో ఉండే లోకల్ గార్డియన్ సంతకం. సాయంత్రం ఐదింటికి గడువు. దాటితే సీటు పోతుంది, తిరుగు విమానం ఎక్కాలి.

నన్నే ఎందుకు అడుగుతున్నావన్నాను. నేను ఎప్పుడూ ఇంట్లోనే ఉంటానని బిల్డింగులో అందరూ చెప్పారన్నాడు.

ముప్పై ఏళ్లు కాలేజీలో సైకాలజీ చెప్పినవాణ్ణి. మనిషి సరేననడానికి దయ కన్నా మొహమాటమే ఎక్కువ కారణమని పాఠం చెప్పేవాణ్ణి. లిఫ్టు ఐదో అంతస్తు చేరేలోపు సరేనన్నాను.

ఫారం చూశాక తెలిసింది, గార్డియన్ నమ్మదగినవాడేనని ఇరుగుపొరుగులో ఒకరు రాసివ్వాలట. ఐదో అంతస్తులోని నా ఫ్లాటులో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఎదురింటివాళ్ల పేరు తలుపు మీది బోర్డు చూసి తెలుసుకున్నాను. నేనొకణ్ణి ఉన్నానని వాళ్లకు తెలియదని నా నమ్మకం. ఆ నమ్మకం మీదే ఇన్నేళ్లూ ప్రశాంతంగా బతికాను.

బరాకా వెళ్లి ఎదురింటి బెల్లు కొట్టాడు. విశాలాక్షిగారు తలుపు తీసి, తిన్నావా నాయనా అని వాణ్ణి అడిగారు. వాడు తిన్నానండీ అన్నాడు, తెలుగులో. పది రోజుల్లో.

నేను నన్ను పరిచయం చేసుకోబోయాను.

"మీరు తెలియకపోవడమేంటండీ మాస్టారూ. నేను చెత్తబుట్ట బయట పెట్టేదాకా తలుపెనకాల నిలబడి, నేను లోపలికెళ్లాక బయటికొస్తారు కదా. మీ కాళ్ల నీడ తలుపు కింద కనపడుద్ది. పాపం మీకు ఆలస్యమైపోద్దని నేనే గబగబా లోపలికెళ్లిపోతుంటాను."

పంతొమ్మిదేళ్లుగా నేను ఆవిణ్ణి చాకచక్యంగా తప్పించుకుంటున్నానని అనుకున్నాను.

ఎన్నాళ్లుగా తెలుసు అన్న గడిలో పంతొమ్మిదేళ్లని, నడవడిక దగ్గర 'ఎవరి జోలికీ పోరు' అని రాసి, ఆవిడ సంతకం పెట్టారు.

నాలుగుంబావుకు క్యాంపస్‌లోని విదేశీ విద్యార్థుల ఆఫీసుకు చేరాం. నవత అనే ఉద్యోగిని ఫారమంతా చదివి నడవడిక దగ్గర ఆగింది.

"ఎవరి జోలికి పోరని రాసిన్రు. మరి రేపు పిలగానికి జ్వరమొస్తే ఎవరు పోతరు సార్?"

యువకులు స్వతంత్రంగా ఎదగాల్సిన అవసరం గురించి నేను కొంత వివరించాను. ఆమె అది విన్నట్టు లేదు. ఫారంలో రాసిన నా నంబరు పనిచేస్తుందో లేదో చూస్తానని టేబులు మీది ఫోను అందుకుంది.

నా జేబులో ఫోను మోగింది. తీసి చూశాను. తెలియని నంబరు. కట్ చేసి జేబులో పెట్టుకున్నాను.

బరాకా కళ్లు మూసుకున్నాడు. వేలు నాదే కాని, ఆ పని చేసింది నేనేనని ఒప్పుకోవడానికి కొంతసేపు పట్టింది. అలవాటుకు ఆలోచనతో పనిలేదని నేనే ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో.

"ఇంకొక్కసారి కొడ్త," అంది నవత. "గిప్పుడు గూడ ఎత్తకపోతే నేనేం చెయ్యలేను సార్."

మళ్లీ మోగింది. బొటనవేలు ఎర్ర గుర్తు వైపే జారింది. ఎడం చేత్తో దాన్ని పట్టుకుని పచ్చ గుర్తు మీదికి తీసుకెళ్లాను. ఆమెకూ నాకూ మధ్య రెండడుగుల టేబులు.

హలో అన్నాను.

"ఎవరు మాట్లాడేది?" ఎదురుగా ఒకసారి, చెవిలో ఒకసారి వినిపించింది.

పేరు చెప్పబోయి ఆగాను. "బరాకా గార్డియన్ని."

"మీ పిలగానికి సుస్తయింది. ఎంతసేపట్ల వస్తరు?"

వాడి వైపు చూశాను. నుదుటి నిండా చెమట. నిజంగానే జబ్బుపడ్డట్టున్నాడు.

"వచ్చేశానమ్మా. పక్కనే ఉన్నాను."

ఆమె ఫోను పెట్టేసి, ఫారం మీద ముద్ర కొట్టి, బరాకా చేతికిచ్చింది. నేనింకా ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను, ఇంకేమైనా అడుగుతుందేమోనని.