యెన్ అంటే యావ

డబ్బింగ్ సీరియళ్లకు తెలుగు మాటలు రాసేది ఆయన. వాటిలోని ముసలమ్మలకూ అత్తగార్లకూ గొంతిచ్చేది ఆయన భార్య. గొంతు జాగ్రత్త, పనికి తప్ప ఎక్కువగా వాడొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అందుకని ఇంట్లో ఆమెవన్నీ గుసగుసలే. "మిమ్మల్ని చూస్తే ఒళ్లు మండుతోంది" అని రహస్యం చెప్పినట్టు చెప్తే ఆయనకు నవ్వొచ్చేది. దాంతో ఆమెకు ఒళ్లు మరింత మండేది.

ఆ రోజు ఒక ఇంగ్లీషు సీరియల్. తెర మీద ముసలావిడ కిటికీ దగ్గర నిలబడి, తనకు సముద్రం కోసం 'యెన్' ఉందని కొడుకుతో అంటోంది. కొడుకు జపాన్ నుంచి వచ్చినవాడే కదా అని, ఆయన "సముద్రం చూడ్డానికి నా దగ్గర యెన్ ఉందిరా" అని రాసి పారేశాడు.

ఆమె మైకు ముందు ఆ ముక్క చెప్పబోయి ఆగింది.

"ఏమండీ, ఈవిడ చేతిలో డబ్బేం లేదే. ముఖం చూస్తే దేనికో బెంగ పెట్టుకున్నట్టుంది."

"యెన్ అంటే జపాన్ డబ్బు. చిన్నపిల్లల్నడిగినా చెప్తారు" అన్నాడాయన అద్దానికి ఇవతల నుంచి.

"ఒకసారి చూడరాదూ?"

ఫోన్‌లో చూశాడు. డబ్బుతో పాటు ఇంకో అర్థం కూడా ఉంది: మనసు లాగడం, తపన. నాలిక కరుచుకున్నాడు. సౌండ్ ఇంజనీరు నవ్వు దాచుకోవడానికి దగ్గాడు.

'కోరిక' పెట్టి చూశారు, తెర మీద ఆవిడ పెదాల కదలికకు పొడుగైంది. 'బెంగ' అంటే మొదట్లోనే పెదాలు మూతపడుతున్నాయి, తెర మీద ఆవిడ నోరేమో తెరిచే ఉంది. ఆయన తల గోక్కున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ తిట్టే తిట్టు గుర్తొచ్చింది, ఎప్పుడూ ఆ పుస్తకాల యావేనా నీకు అని.

"యావ" అన్నాడు. "సముద్రం యావ పట్టుకుందిరా నాకు, అను."

ఆమె అంది. మాట అతికినట్టు కుదిరింది. ఇంజనీరు బొటనవేలెత్తాడు. అంత నిండు గొంతు పక్కన పెట్టుకుని తాను ఇన్నేళ్లూ గుసగుసలతో కాపురం చేశానని ఆయనకు అప్పుడే తట్టింది.

సాయంత్రం ఇంటికి నడుస్తూ అడిగాడు. "మరి నీకు దేని యావ?"

"నవ్వకూడదు."

"నవ్వను."

"మీతో ఒక్కసారి గొంతెత్తి పోట్లాడాలని ఉంది."

ఆయన ఆమెను రైలు బ్రిడ్జి కిందికి తీసుకెళ్లాడు. పైన బండి వస్తోంది. "ఇక్కడ ఎవరికీ వినబడదు. కానివ్వు" అన్నాడు.

ఆయన రోజూ తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడం దగ్గర మొదలుపెట్టింది. బండి వెళ్లిపోయింది, ఆమె ఆగలేదు. ఆయన కూడా ఊరుకోలేక తన కళ్లజోడు ఆమె ఎక్కడో పెట్టి మరిచిపోయే సంగతి ఎత్తాడు. సైకిల్ మీద పోతున్న ఒకాయన కాలు కింద పెట్టి, "అమ్మా, ఏమున్నా ఇంటికెళ్లి మాట్లాడుకోండి" అన్నాడు.

"ఇంట్లో కుదరదు బాబూ" అని, ఆమె ఆడపడుచు పెళ్లి దగ్గర మళ్లీ అందుకుంది. తిడుతూ తిడుతూనే పకపకా నవ్వింది. ఆయన మాట తప్పాడు, తనూ నవ్వాడు.

తెల్లారేసరికి ఆమె గొంతు పూర్తిగా పోయింది. తప్పంతా తనదేనని ఒప్పుకుని ఆయన ఫోన్‌లో ఇంజనీరు చేత చీవాట్లు తిన్నాడు. రికార్డింగ్ వాయిదా పడింది. ఆ పూట వంట ఆయనే చేశాడు. ఆమె ఒక ముద్ద తిని, ఉప్పు తక్కువైందని చేత్తో సైగ చేసింది.