పదకొండు తెరలు

అద్దాలమ్మ ఊపిరి బిగబట్టి ల్యాప్‌టాప్ తెర మీది దుమ్మును పైనుంచి కిందికి తుడుచుకుంటూ వస్తోంది. కుడిచేతిలో మెత్తటి పొడిగుడ్డ, ఎడమ అరచెయ్యి మూత వెనక దన్నుగా. ఆఫీసు తెరవడానికి ఇంకా గంటన్నర ఉంది. దాన్ని ఆపి, తీగ పీకి, వేడి చల్లారేదాకా ఆగాకే మొదలుపెట్టింది. ముందు దుమ్ము పోవాలి. అది ఉండగా తడి తగిలితే ఆ నలుసులే తెరను గీసేస్తాయి. తరవాత బ్యాటరీల షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి గట్టిగా పిండిన గుడ్డ. నీళ్లు గుడ్డకే గాని తెరకు కాదు. మొండి మరకైనా నొక్కదు. పసిపిల్ల ముక్కు తుడిచినట్టు ఒకటికి నాలుగుసార్లు తుడుస్తుంది.

దళసరి కళ్లజోడు వల్ల వచ్చిన పేరు అద్దాలమ్మ. ఒడుపు మాత్రం మొగుడు నేర్పింది. ఆయన కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు సానబట్టేవాడు. పెళ్లయిన కొత్తలో ఆమె కట్టుకున్న బట్టతోనే కళ్లజోడు తుడుచుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "అలా రుద్దకే. గీత పడిందంటే ఇక పోదు." ఆయన పోయి ఏడేళ్లు. కూతురు వేరే ఊళ్లో నర్సు. ఇరవై రెండేళ్లుగా ఈ ఆఫీసులో నేలలు తుడిచి, కిటికీలు కడిగి, ఎవరూ చెప్పకుండానే తెరల పనీ నెత్తికెత్తుకుంది. ఆమె చేతిలో ఒక్క తెరా గీసుకుపోలేదు.

పోయినవారం కొత్త మేనేజరు కిటికీ అద్దాలు తుడవడానికి వాడే నీలంమందు సీసా పట్టుకొచ్చాడు. "పది నిమిషాల పనికి పూటంతా తీసుకుంటున్నావు. ఇది కొట్టి తుడిచెయ్."

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "తెర మీది పూత లేచిపోద్ది సార్. నేను కొట్టను."

ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. చొక్కా చేతులు మడిచి, ఆ మందు కొట్టి, టిష్యూ కాగితాలతో తనే ఒక వరసలోని పదకొండు ల్యాప్‌టాప్‌లు బరబరా రుద్దిపారేశాడు. మర్నాటికి పదకొండూ పువ్వేసిన కళ్లలా తెల్లబడ్డాయి.

ఇవాళ ఆఫీసు తెరవగానే ఆమెను గదిలోకి పిలిచి తన సొంత ల్యాప్‌టాప్ ముందుకు జరిపాడు. "నీ పద్ధతిలోనే తుడువు," అన్నాడు గొంతు తగ్గించి. తెర సగందాకా వచ్చేసరికి పక్కన ఒక కాగితం పెట్టాడు. "పై ఆఫీసుకు పంపాలి. సంతకం పెట్టమ్మా."

ఆమె వేలు పెట్టి చదివింది. 'శుభ్రపరిచే ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల పదకొండు తెరలు పాడైనవి.'

"పాడు చేసింది మీరు కదా సార్."

"పెద్దదానివి, నిన్నెవరూ ఏమీ అనరు. పెట్టకపోతే మాత్రం రేపట్నించి రావక్కర్లేదు."

సంతకాల కోసం ఫైలుతో వచ్చి నిలబడ్డ అకౌంటెంటు ఆమె చెవి దగ్గరికి వంగింది. "పెట్టెయ్ పిన్నీ. ఇంకో ఆరు నెలల్లో రిటైరవుతావు."

ఇంటి అద్దె, మోకాళ్ల మందులు కళ్లముందు గిర్రున తిరిగాయి. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని, కలం అందుకుంది. మేనేజరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

'శుభ్రపరిచే ఉద్యోగి' అన్న మాటలు కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో 'మేనేజరు గారి' అని రాసింది. కింద 'నేను చూశాను' అని రాసి సంతకం పెట్టింది.

"ఏంటిది?"

"సంతకం అడిగారుగా సార్."

ఆయన చెయ్యి చాచేలోపే అకౌంటెంటు ఆ కాగితం తీసి ఫైల్లో పెట్టేసుకుంది. "పై ఆఫీసుకు పంపాల్సిందేగా," అంది, ఆయన వంక చూడకుండా.

అద్దాలమ్మ మెట్లు దిగింది. ఆ వేళప్పుడు ఆ వీధి ఎంత సందడిగా ఉంటుందో ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు. కూతురికి ఫోన్ చేసింది. "పని పోయిందే. ఏడవట్లేదులే, తలెత్తుకునే వచ్చాను."

పైన, మేనేజరు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. తెర పై సగం తేటనీరులా, కింది సగంలో ఆయన వేలిముద్రలు ఉన్నవి ఉన్నట్టే.