హాకెట్ కాలువకి పడమట

మా వెల్డన్ గ్రోవ్‌లో ఒకప్పుడు ఇళ్లకంటే చిక్కుడు పాదులే ఎక్కువ. ఊరంతా ఒకే పార్టీ. మా తాత ఆవుది కూడా అదే పార్టీ. అవతలి పార్టీవాడు పాలు పితకడానికి కూర్చుంటే తన్నేది. నేను కళ్లారా చూశాను, నమ్మకపోతే మీ ఇష్టం. తరవాత నగరం నించి ఫ్యాక్టరీ జనం వచ్చారు, వాళ్ల వెనక పోలిష్‌వాళ్లు, మెక్సికన్లు, కొరియన్లు. పాదులు పోయి కాలనీలు లేచాయి. పదేళ్లకోసారి ఎవరో పటం మీద నియోజకవర్గాల గీత జరిపేవాళ్లు. ఒక్క మంచం మీదే పడుకుని నేను నాలుగు నియోజకవర్గాల్లో కాపురం చేశాను.

ఇరవై రెండేళ్లుగా వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభకి మా దగ్గర పోటీయే లేదు. బ్యాలెట్ మీద ఒక్కటే పేరు. ఈసారి అవతలి పార్టీ తరఫున లోర్నా వెబెల్ నిలబడతానంది. స్కూలు బస్సు నడిపే మనిషి. నామినేషన్‌కి ఏడువందల సంతకాలు కావాలి. పెట్టేవాళ్లంతా నియోజకవర్గంలో కాపురం ఉన్నవాళ్లే అయుండాలి. శుక్రవారం సాయంత్రం అయిదింటికి గడువు.

ఆ శుక్రవారం ఒంటిగంటకి వానలో తడిసి మా గుమ్మంలో నిలబడింది.

"పెద్దాయనా, ఎన్నికల ఆఫీసులో నలభై సంతకాలు కొట్టేశారు, వాళ్ల ఇళ్లు గీతకి తూర్పున ఉన్నాయట. కొత్త గీత హాకెట్ కాలువ వెంట పోతుందట. అసలిక్కడ కాలువెక్కడుంది?"

"పూడ్చి యాభై ఏళ్లయింది. మీ కాలనీ పెరళ్ల కిందే ఉంది. అందులో పడే నా ముందు పళ్లు పోయాయి."

"ఇంకా తొమ్మిది కావాలి. పెట్టేవాళ్లంతా పెట్టేశారు. మిగిలింది మొహాన తలుపేసినవాళ్లే."

"పద అమ్మాయ్. వానే దారి చూపిస్తుంది."

కాలువని పూడ్చారు గానీ నీళ్లు పాత దారి మరిచిపోలేదు. పెద్ద వాన పడితే ఆ వరస ఇళ్ల నేలమాళిగల్లోకే చేరతాయి. ఎవరి పెరట్లో పంపు గొట్టం నీళ్లు కక్కుతోందో చూసుకుంటూ నడిచాం. అదే కాలువ. దానికి పడమటి ఇళ్లన్నీ లోర్నా నియోజకవర్గంలోవి. పైగా నీళ్లు తోడుకోడానికి జనం పని మానుకుని ఇంటికొచ్చేశారు! లోర్నా ఒక చేత్తో చీపురు, ఒక చేత్తో కాగితం పట్టుకుని, నీళ్లు ఊడ్చిపెడుతూ ఇల్లిల్లూ తిరిగింది. నాలుగయ్యేసరికి ఎనిమిది.

"తొమ్మిదోది నాది రాసుకో," అన్నాను. పుట్టి బుద్ధెరిగాక అవతలి పార్టీ కాగితం ముట్టలేదు నేను.

లోర్నా నా వంక చూసింది. "నీ ఇల్లు కాలువకి తూర్పున కదా?"

"ఒక్క గజమే!"

"గజమైనా తూర్పే. వద్దు."

నేరుగా పడమటి వరసకి పోయి డ్వేన్ క్రెబ్స్ తలుపు కొట్టింది. మూడుసార్లు తలుపేసిన మొండివాడు. లోపల మోకాలి లోతు నీళ్లు, క్రిస్మస్ బొమ్మల పెట్టెలు తేలుతున్నాయి. ఆవిడ కాగితం మాటెత్తకుండా పెట్టెలు మెట్ల మీదికి మోసింది.

క్రెబ్స్ గుర్రుగా చూశాడు. "నీకు ఓటు మాత్రం వెయ్యను."

"నేనడిగానా? పోటీ ఉండాలా వద్దా, అంతవరకు చెప్పు."

"మీవాళ్లెవరూ నిలబడక గెలుస్తున్నామని మా బావమరిది వెక్కిరిస్తాడు. ఇటివ్వు. ఓడించి చూపిస్తా."

సంతకం పెట్టాడు. నాలుగూ ముప్పై అయిదు. ఎన్నికల ఆఫీసుకి పదిమైళ్ల దారి. రైలు పట్టాల దగ్గర లోర్నా బండి పూర్తిగా ఆపి, తలుపు తెరిచి, చెవి పెట్టి విన్నది.

"అమ్మాయ్, పట్టాల దగ్గర ఆగి రైలు చప్పుడు వినాలన్న రూలు స్కూలు బస్సుకి, ఇది స్కూలు బస్సు కాదు!"

"ఇరవయ్యేళ్ల అలవాటు. నోర్మూసుకుని కూర్చో."

నాలుగూ యాభై ఆరుకి ముద్ర పడింది.

నవంబరు ఎన్నికల్లో క్రెబ్స్ బ్యాలెట్ మీద రెండు పేర్లున్నాయి. నా దాని మీద, కాలువకి తూర్పున, ఒక్కటే. అరగంట దాన్ని పట్టుకుని నిలబడ్డాను. మర్నాడు పొద్దున్నే లోర్నా ఇంటికెళ్లి ఖాళీ సంతకాల కాగితాలు ఒక కట్ట అడిగి తెచ్చుకున్నాను. నాకు ఎనభై మూడు. తూర్పున ఎవరు నిలబడతారో ఇంకా తెలీదు. దొరక్కపోతే నేనే.