ఇనుపబల్లకు అరవై ఏడు

రబ్బరు గట్టిదనం కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. చేతిలో ఇమిడేంత మీటరు, దాని అడుగున మొండి ముల్లు. రబ్బరు మీద ఆనించి నొక్కితే, ముల్లు ఎంత తక్కువ దిగితే అంకె అంత ఎక్కువ చూపిస్తుంది. ఒక్కటే షరతు: ముక్క కనీసం ఆరు మిల్లీమీటర్ల మందం ఉండాలి. పలచటి ముక్కైతే ముల్లుకి దాని కిందున్నది తగులుతుంది. ఈపాటి సంగతి ఆ ఫ్యాక్టరీలో నేల తుడిచే మనిషికి కూడా తెలుసు. తెలియనిది ఒక్క అల్లుడుగారికే.

అల్లుడుగారంటే యజమానికి అల్లుడు, ఫ్యాక్టరీకి మేనేజరు. పెళ్ళయిన మూడో నెలకల్లా ఆ కుర్చీలో కూర్చున్నాడు. అంతకుముందు రబ్బరుతో ఆయనకున్న పరిచయమల్లా పెన్సిలు రాత చెరపడం వరకే. అయితేనేం, వచ్చీ రాగానే మిశ్రమంలో గట్టిదనమిచ్చే నల్లపొడి తగ్గించి, మెత్తబరిచే నూనె దండిగా పోయించాడు. పొదుపట! అందరూ తలలూపారు. ఊపక ఛస్తారా?

మీటరు పట్టేది ల్యాబక్క. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. ఎనిమిదేళ్ళుగా కాంట్రాక్టు మనిషి. ఈ నెల ఎలాగైనా పర్మినెంటు చేస్తామన్నారు. ఆ ఆర్డరు అల్లుడుగారి సొరుగులో, సంతకం ఒక్కటే తక్కువగా పడుంది. ఆ ముక్క ఆయన రోజుకోసారి గుర్తుచేస్తాడు, అదేదో తన సొంత ఆస్తి రాసిచ్చేస్తున్నట్టు.

ఆ ఉదయం ఒక ఆసుపత్రికి పంపాల్సిన సరుకు వంతు వచ్చింది. ఊతకర్రల అడుగున తొడిగే రబ్బరు తొడుగులు, నాలుగు వేలు. గట్టిదనం అరవై అయిదుకి తగ్గకూడదని ఆసుపత్రివాళ్ళ నిబంధన. తొడుగులు పోసిన రబ్బరుతోనే తీసిన రెండు మిల్లీమీటర్ల రేకుల్ని మూడు ఒకదాని మీద ఒకటి పేర్చి, ల్యాబక్క మీటరు నొక్కింది. యాభై నాలుగు. జాగా మార్చి నొక్కింది. యాభై నాలుగే.

"మెత్తగా ఉంది సార్. అడుగు తొందరగా అరిగిపోతుంది, కర్ర జారుతుంది," అంది.

అల్లుడుగారు ఒంటికాలి మీద లేచాడు. "మూడెందుకు పేర్చావ్? దొంతర పెడితే మెత్తగా ఉండదా మరి? పరుపులు మూడు వేసుకు పడుకుంటే నీకు గట్టిగా తగుల్తుందా?"

"సార్, ఆరు మిల్లీమీటర్లు..."

"ఇటివ్వు!" మీటరు లాక్కుని, రెండు రేకులు తీసి అవతల పారేసి, ఒక్క రేకుని ఇనుపబల్ల మీద పెట్టి నొక్కాడు. అరవై ఏడు! "చూశావా? చెయ్యి తిరిగినవాడు నొక్కితే వచ్చే అంకె ఇది. ఎనిమిదేళ్ళుగా ఏం పీకావో!"

"అది బల్ల గట్టిదనం సార్."

"రిపోర్టు రాసి సంతకం పెట్టు. నీ ఆర్డరు మీద నేనూ పెట్టాలిగా." నవ్వి, మీటరుని దువ్వెనలా జేబులో దోపుకుని వెళ్ళిపోయాడు.

ల్యాబక్క లెక్కేసుకుంది. సంతకం పెట్టకపోతే ఇంకో ఎనిమిదేళ్ళు కాంట్రాక్టే, అదీ ఉంచితే. పెడితే, నాలుగు వేల కర్రల మీద నాలుగు వేలమంది మనుషులు. ఏడుపు కూడా వచ్చింది, ఎందుకు దాచడం! ముక్కు చీదుకుని ఫారం ముందేసుకుంది. అందులో అంకె గడి పక్కన ఎవరూ చదవని గడులు మూడున్నాయి. అందరూ వాటిలో గీత గీసి వదిలేస్తారు. ఆమె మాత్రం గుండ్రటి అక్షరాలతో నింపింది. ముక్క మందం: రెండు మిల్లీమీటర్లు. కింద ఏముంది: ఇనుపబల్ల. నొక్కినవారు: మేనేజరుగారు. గట్టిదనం: అరవై ఏడు. కింద సంతకం.

అల్లుడుగారు అంకె చూశాడు, సంతకం చూశాడు, మురిసిపోయి పంపించేశాడు.

నాలుగోరోజు ఆసుపత్రి స్టోర్సు ఆఫీసరు ఫోన్ చేసింది. మెచ్చుకోలే అనుకుని అల్లుడుగారు మామగారి ఎదుటే స్పీకరు పెట్టాడు.

"మీ బల్ల చాలా గట్టిగా ఉందండీ," అందావిడ. "కానీ మేం అడిగింది బల్ల కాదుగా. మీరు సరుకుతో పంపిన రేకులు మూడు పేర్చి మా దగ్గర కొలిస్తే యాభై నాలుగొచ్చింది. లారీ వెనక్కొస్తోంది, దింపుకోండి."

మామగారు అల్లుడికేసి చూశాడు. అల్లుడు జేబులోని మీటరు తీసి ల్యాబుకి తిప్పి పంపాడు. నల్లపొడి మళ్ళీ సంచుల లెక్కన దిగింది, తొడుగులన్నీ మళ్ళీ పోశారు.

ఇక తప్పు మళ్ళీ జరక్కుండా అల్లుడుగారు గట్టి చర్యే తీసుకున్నాడు. ఆ మూడు గడులూ లేని కొత్త ఫారాలు అచ్చేయించాడు! ల్యాబక్క ఆర్డరుని రెండు ముక్కలు చేసి, ఆమె కళ్ళముందే చెత్తబుట్టలో వేశాడు. "గడులు లేవుగా, ఇప్పుడెక్కడ రాస్తావో చూస్తా," అన్నాడు.

ఆమె కొత్త రబ్బరు రేకులు మూడు పేర్చి నొక్కింది. అరవై ఎనిమిది. అంకె వేసి, సంతకం పెట్టి, పక్కనున్న ఖాళీలో మందమెంతో, కింద ఏముందో, నొక్కిందెవరో రాసింది. అల్లుడుగారు పళ్ళు నూరి, ఆ కాగితం చింపేసి, ఇంకొకరి చేత శుభ్రంగా రాయించి పంపాడు.

ఈసారి ఆసుపత్రి ఫోన్ మామగారికే వచ్చింది. "గడులు ఎత్తేశారేం? మొదటి కాగితం మీద సంతకం పెట్టిన ఆ ల్యాబావిడ చేత్తో రాసిచ్చిన కాగితముంటేనే సరుకు దింపుకుంటాం," అన్నారు అవతలినుంచి. మామగారు అల్లుణ్ణి లోపలికి పిలిచి తలుపేసుకున్నాడు. ఏమన్నాడో బయటికి వినబడలేదు గానీ, సాయంత్రానికి అల్లుడుగారు కొత్తగా టైపు చేసిన ఆర్డరు పట్టుకుని, తన సంతకంతో సహా, తనే నడుచుకుంటూ ల్యాబుకొచ్చాడు.

"ఇదిగో, పర్మినెంటు. ఇప్పుడు సంతోషమేగా?"

ల్యాబక్క ఆర్డరుని అక్షరం వదలకుండా చదివి, మడిచి, సంచీలో పెట్టుకుంది.

"ఎనిమిదేళ్ళు పట్టింది సార్," అంది. "సంతోషం మధ్యలోనే అరిగిపోయింది."