గుమ్మంలో బొమ్మ

పొద్దున్నే భార్య ఆశాజ్యోతి వాచిన పాదం మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట పూడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు శాంతికుమార్. వంటగదిలో రాగిజావ కుతకుతమంటోంది. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆమె మోకాళ్ల దాకా పాకి ఆగింది. గుంట పూడలేదు. చిన్న గిన్నెలా అలాగే ఉండిపోయింది.

"చాల్లెండి. అదేమైనా ఇడ్లీపిండా, పొంగిందో లేదో చూడ్డానికి?" అంది ఆశ.

ఆమె నైలాను వైరు కుర్చీలో, వెనక రెండు దిండ్లు పెట్టుకుని కూర్చుంది. రాత్రి నిద్ర కూడా అందులోనే. పడుకుంటే ఊపిరాడదు. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ల జ్వరం గుండెలో దాక్కుని, ఇన్నేళ్లకు బయటపడింది. ఆసుపత్రిలో చూడగలిగినంతా చూసి, ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఉప్పు లేకుండా ఇష్టమైనవన్నీ పెట్టమన్నారు. ఉప్పు లేకుండా ఇష్టమైనవేముంటాయని ఆశ ఆ డాక్టరునే అడిగింది. ఆయన నవ్వి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

శాంతికుమార్ గ్లాసులో జావ పోసి, చల్లార్చి, చెంచాతో పట్టించాడు. చెంచా చివర మిగిలిన చుక్కను గ్లాసు అంచుకు రాసేస్తాడు, ఆమె చీర మీద పడకుండా. కాకినాడ జగన్నాథపురం వంతెన దగ్గర జగన్నాథరావు గారి షాపులో టీవీలూ, టేపురికార్డర్లూ బాగుచేసే చేతులవి. జుట్టు సగం నెరిసినా ఆ వీధుల్లో అతను ఇంకా 'టీవీ అబ్బాయే'. పేరడిగినవాళ్లు తక్కువ. బొమ్మ వచ్చాక టీవీనే చూస్తారు కానీ తెప్పించినవాడిని ఎవరు చూస్తారు?

వారం రోజులుగా గొంతులో ఉన్న మాట ఇవాళ బయటపెట్టాలనుకున్నాడు. పెట్టడానికి ముందు ఇంకో చెంచా పట్టించాడు.

ఆ మాట అర్థం కావాలంటే వాళ్ల పెళ్లినాటికి వెళ్లాలి. తొంభైమూడులో, ఆశ అన్న సామ్యేలు ఓడలో పనిచేస్తూ, జపాను రేవులో పాత సామాన్ల అంగట్లో ఒక టీవీ గేము కొని పెళ్లికానుకగా తెచ్చాడు. దాంతోపాటు ఒక కీబోర్డు, టేపురికార్డరుకు కలిపే ఒక చిన్న పెట్టె వచ్చాయి. కాకినాడలో టీవీ గేమ్ ఆడినవాళ్లున్నారు కానీ అలాంటి పెట్టెను చూసినవాళ్లు లేరు. పుస్తకమంతా జపాను భాషే. మధ్యమధ్య ఇంగ్లీషులో వరుసలున్నాయి. ఆశ ఆ వరుసల్ని ఉన్నదున్నట్టు కొట్టింది. టీవీలో ఒక బొమ్మ కదిలింది. ఆ సాయంత్రం అన్నం మాడిపోయింది. మాడిన అన్నాన్నే ఇద్దరూ నవ్వుకుంటూ తిన్నారు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు కుట్టుమిషను పని కాగానే ఆమె కీబోర్డు ముందు కూర్చునేది. అతను షాపు నుంచి వచ్చేసరికి టీవీలో ఏదో ఒకటి ఎదురుచూసేది. ఒకరోజు తిరిగే పువ్వు. ఒకరోజు పైకి లేచే పడవ. ఇంకోరోజు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు, 'టీ కావాలా?' అని. అవునంటే వై, కాదంటే ఎన్ కొట్టాలి. ఎన్ కొడితే 'అయినా పెడతాను' అని వచ్చేది. అప్పటికే వంటగదిలోంచి టీ వాసన. అతను చెప్పులు కూడా విప్పకుండా నిలబడి, మళ్లీ మొదట్నుంచి పెట్టమనేవాడు.

కరెంటు పోతే అవన్నీ మాయమైపోతాయి. దాచుకోవాలంటే ఆ చిన్న పెట్టె ద్వారా క్యాసెట్లోకి ఎక్కించాలి. అది ఎక్కేటప్పుడు కీచుమని ఒకటే రొద. ఇరుగుపొరుగు వినకుండా ఆశ టేపురికార్డరు మీద దిండు పెట్టి, పైన తనే వాలిపోయి కూర్చునేది.

మొదటి పెళ్లిరోజుకని ఆమె ఒకటి తయారుచేసి క్యాసెట్లోకి ఎక్కించింది. అతనికి చూపించే లోపలే, ముసురు పట్టిన రోజుల్లో ఆ పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది. ఉప్పుగాలి లోపలంతా తినేసింది. అందులోని చిప్పు కోసం శాంతికుమార్ మద్రాసు దాకా వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆ క్యాసెట్టులో ఏముందో చెప్పమన్నాడు. "చెప్పేస్తే ఇంకేముంటుంది? బాగుచేసి చూసుకోండి. నాకు జవాబు కూడా చెప్పాలి," అంది. అప్పట్నుంచి ఏటా పెళ్లిరోజున అతను అడగడం, ఆమె చెప్పకపోవడం ఒక ముచ్చట. పిల్లలు లేని ఇంట్లో ఇలాంటి ముచ్చట్లు ఎక్కువ కాలం బతుకుతాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక మాత్రం ఆ ముచ్చట అతనికి పని అయింది. ఆశ ఉండగానే చూడాలి. చూసి, ఆ జవాబు ఆమెకే చెప్పాలి. అంతకుమించి అతను దేవుణ్ణి అడగడం మానేశాడు.

సినిమా రోడ్డులో నెట్ సెంటర్ నడిపే దుర్గాసాయి ఈ పనికి తోడయ్యాడు. పాత టీవీ గేముల్ని కంప్యూటర్లో ఆడించే ఎమ్యులేటర్లుంటాయనీ, యంత్రం లేకపోయినా కంప్యూటరే ఆ యంత్రంలా నటిస్తుందనీ చెప్పింది అతనే. కానీ కీబోర్డు, క్యాసెట్టు పెట్టె కూడా కావాలని ఎవరూ అడగలేదు కనుక వాటిని ఏ ఎమ్యులేటరులోనూ పెట్టలేదు. దుర్గాసాయి నెట్లో తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ రాశాడు. ఏదో దేశంలో అలాంటి పెట్టెను విప్పి చూసినాయన దాని పద్ధతంతా రాసి పంపాడు. శాంతికుమార్ చచ్చిపోయిన పెట్టెను విప్పి ఏ తీగ ఎక్కడికి పోతోందో చెబుతుంటే, పరీక్షల రిజల్టు చూసుకోవడానికి వచ్చే పిల్లల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా దుర్గాసాయి ప్రోగ్రాము రాశాడు. లేని పెట్టె ఉన్నట్టుగా కంప్యూటరును నమ్మించాలి. అదీ పని.

కిందటి వారం అది నమ్మింది. క్యాసెట్టు పెట్టి నొక్కగానే స్పీకర్లోంచి కీచురొద రాలేదు. "హలో, హలో... వినబడుతోందా... హలో," అని వచ్చింది. శాంతికుమార్ గొంతే. దుర్గాసాయి పెద్దగా నవ్వి, అతని మొహం చూసి ఆగిపోయాడు.

షాపులో టేపురికార్డరు బాగుచేశాక రికార్డింగు పనిచేస్తోందో లేదో చూడ్డానికి పాడైన క్యాసెట్టొకటి దగ్గర పెట్టుకుంటారు. పెళ్లయిన కొత్తలో, కానుక సంగతి ఇంకా తెలియకముందు, ఒకరోజు ఇంట్లో మూల పడున్న క్యాసెట్టును వేసి చూస్తే పాట లేదు, వట్టి కీచురొద. పేరు రాసి లేదు. అతనికి తెలియకూడదనే ఆశ దానిమీద పేరు రాయలేదు. మళ్లీ ఎవరూ రికార్డు చేయకుండా వెనక ఉండే చిన్న రేకును కూడా విరిచేసింది. పాడైన క్యాసెట్టనుకుని అతను ఆ కన్నానికి అంటుకునే టేపు అతికించి, హలో హలో అన్నాడు. ఏళ్ల తరబడి ఎన్నిసార్లన్నాడో. ఈమధ్య ఇంట్లో ఎక్కడా దొరక్క, పేరు రాయని క్యాసెట్టు షాపు సొరుగులో ఉందేమో చూడమని ఆశే అంటే తెచ్చాడు.

ఇదీ అతను ఈ పొద్దున చెప్పిన మాట. చెప్పి, గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు.

ఆశ నవ్వింది. ఆయాసం వచ్చేదాకా నవ్వి, చేత్తో ఆగమని, మళ్లీ నవ్వింది. "నేను మిమ్మల్ని ఒక మాట అడిగితే, దానిమీద మీరు హలో హలో అన్నారా?"

"నవ్వకే. ఊపిరాడదు."

"ఇంకా ముందుకు తిప్పండి. నేను ఏదైనా ఒక్కసారే దాస్తానా? దారానికి రెండు ముళ్లేస్తాను కదా. దాని తర్వాత కొంచెం ఖాళీ వదిలి మళ్లీ ఎక్కించాను. ఒకటి పోయినా ఒకటి ఉంటుందని."

అతను లేచి నిలబడ్డాడు. వారం రోజులు మోసిన బరువు ఇంత తేలిగ్గా దిగిపోతుందని తెలిస్తే ఆ రోజే చెప్పేవాడు. ఆశ అతని చొక్కా కాలరు సరిచేస్తున్నట్టు చెయ్యి చాపి, అందక, గాల్లోనే సరిచేసింది. అది తెర మీద కనబడగానే సాయంత్రం దాకా ఆగొద్దనీ, మధ్యాహ్నమే వచ్చేయమనీ చెప్పింది. పక్కింటి సంపూర్ణమ్మ కూరగాయల పళ్లెం పట్టుకుని లోపలికొచ్చింది. పగలు ఆమే తోడుంటుంది. శాంతికుమార్ సైకిలు తీశాడు.

షాపులో ఆ పొద్దున ఒక రేడియో, రెండు రిమోట్లు. జగన్నాథరావు గారు అడగకుండానే, మంచి టేపురికార్డరు తీసుకెళ్లమన్నారు. మధ్యాహ్నానికి నెట్ సెంటర్లో అతను దాని మూత తీసి, టేపును చదివే హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ చెవి ఆనించి కూర్చున్నాడు. తన గొంతు అయిపోయింది. తర్వాత ఆశ వదిలిన ఖాళీ. ఆ ఖాళీలో గిర్రున తిరిగే చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆపైన కీచుమంది. ఎండిన టేపులోంచి దిండు కింద దాచిన రొద, ఆమె బరువంతా మీద వేసి దాచిన రొద.

కంప్యూటరు దాన్ని గుటకలు గుటకలుగా మింగింది. తెర నల్లబడింది.

నాలుగు గీతలతో ఒక ఇల్లు. తలుపు దగ్గర ఒక చిన్న బొమ్మ నిలబడి ఉంది. చిన్న రాగం మొదలైంది, నాలుగైదు స్వరాలంతే. కింద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

'వచ్చారా?'

దాని పక్కన చిన్న గడి వెలిగి ఆరుతోంది. జవాబు కోసం.

దుర్గాసాయి కీబోర్డు అతని వైపు జరిపాడు. "వై కొట్టేయండి గురువుగారూ."

"ఇంకా ఇంటికెళ్లలేదు కదండీ," అన్నాడు శాంతికుమార్. అబద్ధమెందుకు? ఆమె ముందు కొట్టాలి అది. ఒక్క వేలితో ఎన్ నొక్కాడు.

బొమ్మ గుమ్మంలో కూర్చుంది. 'పరవాలేదు. కూర్చునే ఉంటాను. మెల్లగా రండి.' రాగం మళ్లీ మొదట్నుంచి వచ్చింది. కాసేపటికి మళ్లీ, 'వచ్చారా?'

రిజల్టు చూసుకోవడానికి వచ్చినవాళ్లు తలుపు దగ్గరే ఆగిపోయారు.

"ఆవిడ ఏళ్లనుంచీ అడుగుతూనే ఉన్నారన్నమాట," అన్నాడు దుర్గాసాయి చివరికి. సాయంత్రం కంప్యూటరు మొత్తం రిక్షాలో వేసుకుని ఇంటికే తెస్తాననీ, ఆవిడ ఎదురుగానే వై కొడుదురు గానీ, ముందెళ్లి చెప్పమనీ అన్నాడు.

"ఆయ్," అన్నాడు శాంతికుమార్. క్యాసెట్టు తీసి జేబులో వేసుకున్నాడు.

దారిలో కాజాలు కొన్నాడు. కాజాలో ఉప్పుండదన్న సంగతి ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదో అనుకున్నాడు. పాకం కాగితంలోంచి ఊరి చొక్కా జేబుకు అంటుకుంది. అదే జేబులో క్యాసెట్టు ఉందని గుర్తొచ్చి, దాన్ని తీసి రెండో జేబులో వేసుకున్నాడు. వంతెన మీద పడమటి గాలికి సైకిలు బరువుగా నడుస్తోంది. కింద కాలువలో పడవలు. ఆ నాలుగైదు స్వరాలూ అతని నోట్లో తిరుగుతున్నాయి. వంతెన దిగుతుండగా గుర్తుపట్టాడు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు, కన్ను సగం మూసి, ఆశ తీసే కూనిరాగమే అది. ఇంతకాలం విన్నాడు. అదొక పాటని అనుకోలేదు.

వీధి మొగలోంచే కనబడింది. కుర్చీ గుమ్మంలోకి వచ్చింది. ఆశ వీధి వైపు తిరిగి, తల గుమ్మానికి ఆనించి కూర్చుంది. అతనికి నవ్వొచ్చింది. సైకిలు గంట కొట్టాడు. తల ఎత్తలేదు. మళ్లీ కొట్టాడు. తర్వాత కొట్టలేదు.

సంపూర్ణమ్మ వంటగదిలోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "వచ్చావా బాబూ? వీధి కనబడేలా కూర్చోబెట్టమంటే ఇప్పుడే కుర్చీ జరిపాను. ఇంకా రాలేదేంటమ్మా మీ ఆయన అంటే, రానీ పిన్నీ, మెల్లగా రానీ అంది..." అతని మొహం చూసి ఆమె మాట మధ్యలో తెగిపోయింది.

అతను మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. ఇంకా కొంచెం వెచ్చగా ఉంది. పొద్దుటిలాగే బొటనవేలితో నొక్కి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"వచ్చేశాను ఆశా," అన్నాడు. మెల్లగా, ఎవరినీ నిద్ర లేపకూడదన్నట్టు.

ఎండ వాలాక ఒక రిక్షా వీధి మొగ దాకా వచ్చింది. అందులో దుప్పటి చుట్టిన మానిటరును రెండు చేతులతో పట్టుకుని దుర్గాసాయి కూర్చున్నాడు. ఇంటి ముందు జనాన్ని చూశాడు. చర్చి నుంచి వచ్చినవాళ్లు బెంచీలు దింపుతున్నారు. అతను రిక్షావాడి భుజం తట్టి ఆపించి, దిగకుండానే జారిన దుప్పటిని మళ్లీ మానిటరు చుట్టూ సర్దాడు.

లోపల ఆమెను చాప మీద పడుకోబెట్టారు. ఇన్ని నెలల్లో ఆమె వెల్లకిలా పడుకోవడం అదే మొదటిసారి. శాంతికుమార్ జేబులోని క్యాసెట్టు తీసి, వెనక కన్నానికి తను అతికించిన టేపును గోటితో గీరి ఊడదీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూశాడు.

కుర్చీ గుమ్మంలోనే ఉంది, వీధి వైపు తిరిగి. నైలాను అల్లిక నడుమ ఆమె కూర్చున్న గుంట ఇంకా పూడలేదు.